నీళ్లు ఎలా మరగాలో కూడా రాయండి

మా చెల్లెలి కూతురు కొత్తగా వంట నేర్చుకుంటోంది. సందేహం వస్తే పొయ్యి ముందు నుంచే ఫోను చేస్తుంది. ఈమధ్య ఒక సాయంత్రం చేసి, "పెద్దమ్మా, నీళ్లు మరిగాక మంట తగ్గించి 20 నిమిషాలు ఉంచమని రాశారు. ఎంత తగ్గించాలి?" అని అడిగింది. బుడగలు ఎలా వస్తున్నాయో చెప్పమన్నాను. "వస్తున్నాయి పెద్దమ్మా, బాగానే వస్తున్నాయి" అంది. అంచుల్లోనా, మధ్యలోనా? పైదాకా వచ్చి పగులుతున్నాయా, అడుగునే అంటుకొని ఉన్నాయా? ఇలా ఒక్కొక్కటే అడుగుతూ పోతే తప్ప ఆ గిన్నెలో ఏం జరుగుతోందో నాకు తెలియలేదు. తెలిశాక ఏం చేయాలో చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

తర్వాత ఆ వంటకం తయారీ రాసినది నాకు పంపమన్నాను. చదివితే ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఎంత న్యాయమైనదో అర్థమైంది. ఉప్పు ఎన్ని గ్రాములో, ముక్క ఎంత మందంగా ఉండాలో రాసినవారు, గిన్నెలో నీళ్లు ఎలా ఉండాలన్నది మాత్రం "మరిగించాలి" అన్న ఒక్క మాటతో వదిలేశారు. మిగతాదంతా మంట గురించే. పెద్ద మంట, మధ్య మంట, సన్న మంట. ఆ కుతూహలంతోనే నా దగ్గరున్న వంటల పుస్తకాలు తిరగేశాను. ఇంచుమించు అన్నీ అంతే.

ఆ రోజు నుంచి నా మనసులో ఒక అభిప్రాయం గట్టిపడుతూ వచ్చింది. వంటకం రాసేవారు మంట ఎంత పెట్టాలో రాయకపోయినా పెద్దగా నష్టం లేదు. నీళ్లు ఏ స్థితిలో ఉండాలో రాయకపోతే మాత్రం ఆ వంటకాన్ని సగమే రాసినట్టు.

మంట మాట ఎందుకు పనికిరాదో చెప్పడం తేలిక. రాసినవారి పొయ్యి వేరు, చదివేవారి పొయ్యి వేరు. ఒకే పొయ్యిలో కూడా చిన్న బర్నరు మీది మధ్య మంట, పెద్ద బర్నరు మీది సన్న మంట దాదాపు ఒక్కటే కావచ్చు. వెడల్పు గిన్నెలో నీళ్లు త్వరగా వేడి పోగొట్టుకుంటాయి, లోతు గిన్నెలో నిలుపుకుంటాయి. ఇవన్నీ సమానమనుకున్నా, నీళ్ల కొలత ఒక్కటి చాలు లెక్క తారుమారు కావడానికి. అర లీటరు నీళ్లను ఎగసిపడేలా మరిగించే మంట మీద నాలుగు లీటర్ల నీళ్లు అంచుల్లో చిన్న చిన్న బుడగలు వదులుతూ అక్కడే ఆగిపోవచ్చు. ఇండక్షన్ పొయ్యిలో అంకెలు కనిపిస్తాయి కాబట్టి అది కచ్చితమని కొందరు అంటారు. సాధారణంగా ఆ అంకె గిన్నెకు ఎంత శక్తి వెళుతోందో చెబుతుంది, లోపలి నీళ్ల సంగతి దానికి తెలియదు.

100 డిగ్రీలు దాటదు కదా

ఈ మాట నేను ఎక్కడ ఎత్తినా ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. చదువుకున్నవారి నుంచే ఎక్కువగా వస్తుంది. నీళ్లు మెల్లగా మరిగినా, ఎగసిపడుతూ మరిగినా 100 డిగ్రీలే, మరుగులో మళ్లీ స్థాయిలేమిటి అంటారు. దీన్ని తేలిగ్గా తోసేయడానికి లేదు. చెప్పినంతవరకూ నిజమే.

1760ల్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త ఈ సంగతిని తేల్చాడు. మరుగుతున్న నీటికి ఎంత వేడి ఇచ్చినా అది ఉష్ణోగ్రతను పెంచదు, నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చవుతుంది. ఆ వేడికే గుప్తోష్ణం అని పేరు. లెక్కలో చూస్తే విషయం ఇంకా బలంగా తెలుస్తుంది. కిలో నీటిని 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 335 కిలోజౌళ్లు కావాలి. అదే నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి సుమారు 2,257 కిలోజౌళ్లు కావాలి. దాదాపు ఏడు రెట్లు. అంటే నీళ్లు మరగడం మొదలయ్యాక మంట పెంచితే లోపలి పదార్థం ఇంకా త్వరగా ఉడుకుతుందనుకోవడం భ్రమ. పెంచిన మంటంతా ఆవిరై పైకి పోతుంది. నీళ్లు తగ్గుతాయి, వంటగది వేడెక్కుతుంది, ఇంధనం ఖర్చవుతుంది.

ఇంతవరకూ నేను ఒప్పుకుంటాను. ఇక్కడ నుంచే నా వాదన మొదలవుతుంది. మొదటిది, వంటలో కావలసిన స్థితులు చాలావరకు 100 డిగ్రీలకు దిగువనే ఉన్నాయి. 70కీ 95కీ మధ్య తేడా నీళ్లకు పెద్దది కాకపోవచ్చు, గుడ్డుకూ చేపకూ మాంసానికీ చాలా పెద్దది. రెండోది, ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా మెల్లగా మరిగే నీళ్లు పదార్థాన్ని తాకే తీరు వేరు, ఉధృతంగా మరిగే నీళ్లు తాకే తీరు వేరు. థర్మామీటరుకు ఆ తేడా కనపడదు. ఉడుకుతున్న బంగాళాదుంపకు తెలుస్తుంది.

ఆ 100 అన్న అంకె కూడా అందరూ అనుకున్నంత స్థిరమైనది కాదు. సముద్ర మట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ మరిగే ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. 1,500 మీటర్ల దగ్గర 95, 3,000 మీటర్ల దగ్గర 90, ఎవరెస్టు శిఖరం మీద 70కి కాస్త అటూ ఇటూ. ఉప్పు వేస్తే మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుందన్న మాట చాలామంది నోట వింటాను. పెరుగుతుంది, కానీ ఒక్క డిగ్రీ పెరగాలంటే లీటరు నీటికి సుమారు 58 గ్రాముల ఉప్పు పోయాలి. ఆ నీళ్లలో వండినది ఎవరూ తినలేరు. ఉప్పు వేయగానే నీళ్లు ఒక్కసారి బుసబుసా పొంగడానికి కారణం వేరే ఉంది. ఉప్పు రవ్వలు బుడగలు పుట్టడానికి చోటు ఇస్తాయి.

మరుగులో స్థాయిలు ఉన్నాయా అన్న ప్రశ్న వంటగదిలో పుట్టిన చాదస్తం కాదనడానికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం థర్మామీటరు చరిత్రలోనే ఉంది. 1742లో సెల్సియస్ నీరు మరిగే స్థితిని, గడ్డకట్టే స్థితిని రెండు గుర్తులుగా పెట్టుకొని తన కొలమానం చేశాడు. అయితే మరిగే స్థితి అంటే ఏది? మరగడం మొదలైనప్పుడా, ఎగసిపడుతున్నప్పుడా? ఆ శతాబ్దంలో థర్మామీటర్లు చేసినవారికి ఇది నిజమైన సమస్య. మరుగు మొదలైన చోట ఒక గీత, తీవ్రంగా మరిగే చోట ఇంకో గీత ఉన్న థర్మామీటర్లు కూడా అప్పట్లో ఉన్నాయి. ఈ గందరగోళం తీర్చడానికి శాస్త్రవేత్తల సంస్థ అయిన లండన్ రాయల్ సొసైటీ, హెన్రీ కావెండిష్ అనే శాస్త్రవేత్త అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. 1777లో ఆ సంఘం ఇచ్చిన సలహా ఏమిటంటే, థర్మామీటరును మరిగే నీటిలో ముంచవద్దు, దాని మీది ఆవిరిలో ఉంచండి అని. నీటిలో కొలిస్తే నిలకడ లేదు, ఆవిరిలో ఉంది. కొలవడమే పనిగా పెట్టుకున్నవారు అలా నీటిని వదిలి ఆవిరిని పట్టుకొని తప్పించుకున్నారు. వండేవారికి ఆ వీలు లేదు. మన పదార్థం ఆ నీళ్లలోనే మునిగి ఉంది.

గిన్నెలో జరిగేది

మూత తీసి ఒక గిన్నెడు నీళ్లను మొదటి నుంచి చివరిదాకా కదలకుండా చూసినవారు చాలా తక్కువమంది. ఒక్కసారి చూస్తే ఇక మరచిపోలేము.

మొదట గిన్నె గోడలకూ అడుగుకూ సన్నని బుడగలు అంటుకుంటాయి. ఇది మరుగు కాదు. నీటిలో కరిగి ఉన్న గాలి వేడికి బయటికి వస్తోంది, అంతే. చేయి పెడితే కాలుతుంది కాబట్టి చాలామంది ఇక్కడే మరిగిందనుకొని తొందరపడతారు. కాసేపటికి పైన పల్చగా ఆవిరి తిరుగుతుంది, అడుగున కొంచెం పెద్ద బుడగలు కనిపిస్తాయి. ఇది సుమారు 70, 80 డిగ్రీల స్థితి. నీళ్ల పైభాగం ఇంకా నిశ్చలంగానే ఉంటుంది.

ఆ తర్వాత శబ్దం వస్తుంది. మొత్తం వ్యవహారంలో నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం ఇదే. అడుగున నీరు ఆవిరై బుడగ అవుతుంది, పైకి లేస్తుంది, పైనున్న కొంచెం చల్లటి నీటిని తాకగానే కుప్పకూలి మళ్లీ నీరైపోతుంది. అలాంటి వేల బుడగలు కూలే చప్పుడే ఆ రొద. నీరంతా సమంగా వేడెక్కేకొద్దీ బుడగలు కూలకుండా పైదాకా చేరతాయి, రొద మెత్తబడుతుంది. అందుకే అసలైన మరుగు రాబోయే ముందు గిన్నె ఒక్క క్షణం నెమ్మదించినట్టు వినిపిస్తుంది. అలవాటైన చెవికి పక్క గదిలో కూర్చున్నా ఆ మార్పు తెలుస్తుంది. రాసేవారు ఎవరూ ఈ శబ్దం గురించి చెప్పరు. ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. కళ్లకన్నా ముందు కబురు చెప్పేది చెవులే.

అంచుల వెంట బుడగలు వరసగా లేస్తూ, నీటి పైభాగం వణుకుతున్నట్టు ఉంటే 85కీ 95కీ మధ్య ఉన్నట్టు. ఎక్కువ వంటకాలు "మంట తగ్గించి ఉడికించండి" అన్నప్పుడు కోరుకునే స్థితి ఇదే. ఇక్కడ ఆపకుండా వేడి పెరిగితే మధ్యలో కూడా బుడగలు పుట్టి కుతకుతమంటాయి. చివరికి గిన్నె మొత్తం తెర్లుతుంది, అడుగున ఉన్నది పైకీ పైన ఉన్నది అడుగుకూ తిరుగుతుంది. ఆ చివరి స్థితి వచ్చిందా లేదా తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. గరిటెతో గట్టిగా తిప్పాలి. తిప్పినా బుడగలు ఆగకపోతే వచ్చినట్టు, అణిగిపోతే ఇంకా రానట్టు.

8వ శతాబ్దంలో చైనాలో లూ యూ తేనీటి మీద రాసిన గ్రంథంలో నీటి మరుగును మూడు దశలుగా చెప్పాడు. చేప కళ్లలాంటి బుడగలతో సన్నని శబ్దం మొదటిది. అంచుల వెంట ముత్యాల సరాల్లా బుడగలు లేవడం రెండోది. అలలు ఎగసినట్టు పొర్లడం మూడోది. అంతకు మించి మరిగిన నీరు ముసలిదైపోతుందని, తాగడానికి పనికిరాదని అన్నాడు. ఆయన రుచి గురించి చెప్పినదానితో అందరూ ఏకీభవించనక్కరలేదు. నన్ను ఆకట్టుకున్నది ఆయన చూపు. ఫారెన్‌హైట్ పాదరసం థర్మామీటరు చేయడానికి దాదాపు తొమ్మిదిన్నర శతాబ్దాల ముందే, ఏ పొయ్యి మీదైనా, ఏ కుండలోనైనా గుర్తుపట్టగలిగేలా ఒక మనిషి నీటి స్థితిని రాసిపెట్టాడు. ఇవాళ మనం రాసే "మధ్య మంట మీద 20 నిమిషాలు" అన్నదానికన్నా అది ఎక్కువ కచ్చితం.

కదలిక వల్ల పోయేది, వచ్చేది

తెర్లే నీళ్లు ప్రతి పదార్థాన్నీ గిన్నె అడుగుకేసి, అంచుకేసి, పక్క ముక్కకేసి కొడతాయి. గుడ్డు పెంకు పగలడానికి ఇది ఒక ముఖ్య కారణం. తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే గట్టిపడటం మొదలుపెడుతుంది, పచ్చసొన 65, 70 మధ్య. అంటే గుడ్డు ఉడకడానికి నీళ్లు ఎగసిపడాల్సిన అవసరం ఏ కోశానా లేదు. పెంకు లేకుండా నీళ్లలోకి జార్చి వండే గుడ్డుకైతే ఆ ఎగసిపాటే శత్రువు. తెల్లసొన పోగులు పోగులుగా చెదిరిపోతుంది. చేప ముక్క కూడా అంతే. పైన ఆవిరి ఆడుతూ, బుడగలు అడుగునే ఉన్న నీళ్లలో అది చక్కగా ఉడికి, తీసేటప్పుడు కూడా విరగదు.

బంగాళాదుంప విషయంలో నష్టం ఆలస్యంగా కనిపిస్తుంది. వేడి దుంప మధ్యకు చేరడానికి సమయం పడుతుంది. ఈలోగా బయటి పొర మెత్తబడి, తెర్లే నీటి తాకిడికి అరిగి, నీళ్లలో కలిసి చిక్కబడుతుంది. లోపల ఇంకా గట్టిగానే ఉంటుంది. చల్లటి నీళ్లలో వేసి, మెల్లగా వేడెక్కించి, అంచుల్లో మాత్రమే బుడగలు లేచే స్థితిలో ఉంచితే లోపలా బయటా కలిసి ఉడుకుతాయి.

మాంసం దగ్గర నాకు ఒక వాదన గుర్తుంది. బంధువుల ఇంట్లో ఒక పెద్ద గిన్నెలో మాంసం గంటల తరబడి ఎగసిపడుతూ ఉడికింది. వడ్డించాక చూస్తే విడదీస్తే విడిపోతోంది, నోట్లో మాత్రం పీచు పీచుగా, పొడిగా ఉంది. అది చెప్పినందుకు ఆ ఇంటాయన నొచ్చుకున్నాడు. "నీళ్లలోనే మునిగి ఉడికిన మాంసం ఎండిపోవడమేమిటమ్మా?" అన్నాడు. ప్రశ్న సబబైనదే. మాంసంలోని కండ పోగులు వేడెక్కేకొద్దీ ముడుచుకొని లోపలి నీటిని పిండేస్తాయి. ఉష్ణోగ్రత ఎంత ఎక్కువైతే పిండడం అంత ఎక్కువ. బయట ఎన్ని నీళ్లున్నా పిండేసిన నీరు తిరిగి లోపలికి పోదు. మాంసాన్ని మెత్తబరిచేది వేరే మార్పు. కండ పోగులను పట్టి ఉంచే కొలాజెన్ అనే గట్టి పదార్థం కరిగి జెలటిన్ అనే మెత్తని పదార్థం అవుతుంది. దానికి 70, 80 డిగ్రీలు, ఓపిక ఉంటే చాలు. 100 డిగ్రీల దగ్గర అది త్వరగా అవుతుంది, ఆ మాట కాదనను. ఆ తొందరకు మూల్యం కండ పోగులు చెల్లిస్తాయి. ఆయన ఆ రోజు ఒప్పుకోలేదు. రుచి చూసి తేల్చుకోవలసిన విషయాన్ని మాటలతో ఒప్పించడం కష్టం.

ఎముకల సూపు గురించి మాత్రం ఒకే తీర్పు చెప్పలేను. నీళ్లు తెర్లితే కొవ్వు చిన్న చిన్న బిందువులుగా చిదికి నీటిలో కలిసిపోతుంది, తేలిన తెట్టె తీసేలోపే మళ్లీ లోపలికి పోతుంది, సూపు మసకబారుతుంది. తేటగా కావాలంటే అక్కడొకటి ఇక్కడొకటి బుడగ లేచే స్థితి దాటనివ్వకూడదు. అయితే పాలలా తెల్లగా, చిక్కగా ఉండే సూపు కోరుకునేవారు అదే ఎముకలను కావాలనే గంటల తరబడి ఎగసిపడేలా మరిగిస్తారు. ఒకరు తప్పనుకునేది ఇంకొకరి పద్ధతి. ఇందులో ఏది మేలన్నది నా తగవు కాదు. రెండు సూపులకూ పదార్థాలు ఒకటే, సమయం కూడా దగ్గరదగ్గర ఒకటే, తేడా అంతా మరుగు తీరులో ఉన్నప్పుడు దాన్ని రాయకుండా ఎలా వదిలేస్తారు?

నూడుల్స్, పాస్తా వంటివాటికి ఉధృతమైన మరుగు కావాలంటారు. పిండి పదార్థం ఉడకడానికి అంత వేడి అక్కరలేదు, 80 డిగ్రీల పైన ఉన్నా ఉడుకుతుంది. తెర్లే నీళ్లు చేసే మేలు ఒక్కటే, మొదటి ఒకటి రెండు నిమిషాల్లో జిగురుగా ఉండే పోగులను విడదీయడం. గరిటెతో తిప్పేవారు దగ్గర నిలబడితే ఆ పని గరిటె చేస్తుంది.

మూత గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే రాసేవారు మరచిపోయే రెండో విషయం ఇది. మూత లేని గిన్నెలో నీరు ఆవిరవుతూ వేడిని వెంట తీసుకుపోతుంది కాబట్టి ఉష్ణోగ్రత దిగువనే నిలుస్తుంది. మంటను ఏమీ మార్చకుండా మూత పెడితే చాలు, వణుకుతున్న నీళ్లు కాసేపటికి తెర్లడం మొదలుపెడతాయి. సన్న మంట మీద సరిగ్గా ఉందనుకొని మూత పెట్టి పక్కకు వెళ్లినవారు తిరిగొచ్చేసరికి గిన్నె పొంగి ఉండటం ఇందుకే.

ఉధృతంగానే మరగాల్సినవి

మెల్లని మరుగును ఇంతగా సమర్థిస్తున్నానని, ఎగసిపడే నీళ్లు ఎప్పుడూ తప్పని నా ఉద్దేశం కాదు. ఒక చోట దానికి బదులు లేదు, అక్కడ పొరపాటు జరిగితే ఆరోగ్యానికే ముప్పు.

ఎర్ర రాజ్మా గింజల్లో ఫైటోహెమగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. పచ్చి గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో తీవ్రమైన వాంతులు పట్టుకోవచ్చు. ఉధృతంగా మరిగించితే అది నశిస్తుంది. ప్రమాదం ఎక్కడంటే, 80 డిగ్రీల దగ్గర మెల్లగా ఉడికితే దాని ప్రభావం పచ్చి గింజలకన్నా ఐదు రెట్ల వరకు పెరగవచ్చు. గింజ మెత్తబడి తినడానికి సిద్ధమైనట్టు కనిపిస్తుంది, విషం మాత్రం పోదు. అందుకే నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లనివ్వాలని బ్రిటన్‌లో చెబుతారు. అమెరికా ఆహార ఔషధ సంస్థ 30 నిమిషాలు అంటుంది. రాజ్మాకు "సన్న మంట మీద మెత్తబడేవరకు" అని రాసి ఊరుకున్న వంటకాలు నేను చదివాను. అవి చదివినప్పుడు నాకు కోపం కన్నా భయం ఎక్కువగా కలిగింది.

తాగే నీటి సంగతి ఇంకో రకంగా ఆసక్తికరం. రోగకారక క్రిములు చాలావరకు 100 డిగ్రీలకు చాలా దిగువనే చనిపోతాయి. అయినా ఆరోగ్య సంస్థలు నీళ్లు బాగా తెర్లే స్థితికి రావాలని చెబుతాయి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు ఆ స్థితిలో ఒక నిమిషం, సుమారు 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు అంటాయి. దీని వెనుక ఉన్న ఆలోచన నాకు నచ్చింది. ప్రతి ఇంట్లో థర్మామీటరు ఉండదు, తెర్లే నీళ్లను గుర్తుపట్టలేనివారూ ఉండరు. కోట్లమంది ప్రాణాలకు సంబంధించిన సూచన ఇవ్వాల్సి వచ్చినప్పుడు అంత పెద్ద సంస్థలు మంట పేరు ఎత్తలేదు, డిగ్రీల మీద ఆధారపడలేదు, కంటికి కనిపించే నీటి స్థితినే ఎంచుకున్నాయి. వంటకాలు రాసేవారు కూడా అలాగే చేయాలనడం అత్యాశేమీ కాదు.

నా వాదనకు అడ్డొచ్చేవి

థర్మామీటరు పెట్టుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా అన్నది మొదటిది. కాఫీకి 90 నుంచి 96, గ్రీన్ టీకి 70 నుంచి 80 అని అంకెలు చెప్పుకునే చోట అది మంచిదే. అక్కడ నీళ్లు ఒక్కసారి పోసి వదిలేస్తాం, కదలికతో పని లేదు. గంటసేపు ఉడికే గిన్నెలో మాత్రం అడుగున ఒక అంకె, పైన ఒక అంకె, ముక్కలు వేసినప్పుడు ఒకటి, మూత తీసినప్పుడు ఒకటి. పైగా 95 అన్న అంకె సముద్రపు ఒడ్డున మెల్లని మరుగు, 1,500 మీటర్ల మీద పూర్తి మరుగు. అంకె ఒక్కటే చెబితే నీళ్ల కదలిక గురించి ఏమీ చెప్పనట్టే.

అదే ఎత్తు నా వాదనను కూడా దెబ్బ తీస్తుందని ఒప్పుకోవాలి. 3,000 మీటర్ల దగ్గర తెర్లుతున్న నీళ్లు చూడటానికి కింద తెర్లే నీళ్లలాగే ఉంటాయి, కానీ వేడి 90 డిగ్రీలే. బుడగలను నమ్మి కిందివారి సమయం పాటిస్తే గింజ ఉడకదు. కంటికి కనిపించే స్థితి కదలికను నిజంగానే చెబుతుంది, వేడిని ఎప్పుడూ నిజంగా చెప్పదు. దీని గురించి చాలా ఆలోచించాను. నిమిషాలకు బదులు పదార్థం ఎలా మారాలో రాయడం తప్ప వేరే దారి కనిపించలేదు. వేలితో నొక్కితే నలగాలి, చాకు ఆగకుండా దిగాలి అని రాస్తే ఏ ఎత్తులో ఉన్నవారికైనా పనికొస్తుంది.

బుడగలు లేకపోతే వేడి లేదనుకోవడం కూడా అపాయమే. బుడగ పుట్టడానికి గీతో, గరుకో, గాలి కణమో కావాలి. అవేవీ లేని నున్నని కప్పులో మైక్రోవేవ్ ఓవెన్ ద్వారా కాచిన నీళ్లు 100 డిగ్రీలు దాటినా నిశ్చలంగా ఉండగలవు. చెంచా పెట్టగానే ఒక్కసారి ఎగజిమ్మి చేతులు కాల్చగలవు. అక్కడ నీళ్లను చూసి నిర్ణయించమని నేను ఎవరికీ చెప్పను.

ప్రెషర్ కుక్కర్ దగ్గర నా మాట అసలు చెల్లదు. 1679లో డెనిస్ పాపిన్ మూత బిగించిన పాత్ర చేసిన నాటి నుంచీ అందులో ఏం జరుగుతోందో చూసే వీలు లేదు. లోపలి పీడనం బయటిదానికి రెట్టింపైతే నీళ్లు సుమారు 120 డిగ్రీల దగ్గర ఉంటాయి. పీడనం నిలకడగా ఉన్నంతసేపు లోపల బుడగలు దాదాపు ఉండవు. ఆవిరి తప్పించుకోలేనప్పుడు నీరు నిశ్శబ్దంగా ఉండిపోతుంది. కుక్కర్లో చేసిన ఎముకల సూపు ఆశ్చర్యకరంగా తేటగా రావడానికి కారణం అదే, ఆవిరిని ఒక్కసారిగా వదిలేస్తే మసకబారడానికి కారణమూ అదే. కుక్కర్ వంటకానికి మంట, సమయం, ఆవిరి వదిలే పద్ధతి రాయక తప్పదు.

చివరగా, ఇన్ని వివరాలు రాస్తే వంటకం చాంతాడంత అవుతుందని, కొత్తవారు బెదిరిపోతారని ఒక వంటల రచయిత్రి నాతో అన్నారు. అనుభవం ఉన్నవారు కాబట్టి ఆ మాట కొట్టిపారేయలేదు. కానీ "మధ్య మంట మీద" అన్న మాటలు తీసేసి ఆ చోటే "అంచుల్లో మాత్రమే బుడగలు లేస్తూ" అని రాయవచ్చు. వాక్యం దాదాపు అంతే పొడవు ఉంటుంది. కొత్తవారిని బెదరగొట్టేది పొడవు కాదని కూడా ఆమెతో అన్నాను. తమ ముందున్న గిన్నె సరిగ్గా ఉందో లేదో తేల్చుకునే ఆధారం లేకపోవడమే వారిని ఎక్కువగా బెదరగొడుతుంది.

ఒక వంటకాన్ని నేనైతే ఎలా రాస్తానో ఆమెకు రాసి చూపించాను. "రాత్రంతా నానిన ఎర్ర రాజ్మా నీళ్లు పారబోయండి. గింజలు మునిగి నాలుగు వేళ్ల ఎత్తు వచ్చేలా కొత్త నీళ్లు పోయండి. మూత లేకుండా, గరిటెతో తిప్పినా ఆగనంతగా నీళ్లు తెర్లనివ్వండి. ఆ స్థితి వచ్చినప్పటి నుంచి 30 నిమిషాలు అలాగే ఉంచండి, నీళ్లు తగ్గితే మరుగుతున్న నీళ్లే పోయండి. తర్వాత అంచుల్లో మాత్రమే బుడగలు లేచేలా వేడి తగ్గించండి. మూత ఓరగా పెట్టండి. మూత పెట్టాక నీళ్లు మళ్లీ తెర్లితే వేడి ఇంకా తగ్గించండి. గింజ నాలుకకూ అంగిలికీ మధ్య నలిగేవరకు ఉడికించండి. ఎత్తైన ప్రాంతంలో ఉన్నవారికి రెండు దశలకూ ఇంకా ఎక్కువ సమయం పడుతుంది."